వారం మరిచిన ఒక్కపొద్దు

పోయిన నెల మా తమ్ముని కూతురు హరిత అనంతపురం నుంచి వచ్చింది. ఆ పిల్ల యూనివర్సిటీలో కౌన్సెలరు. పిల్లోళ్ళు మనసులో మాట చెప్పుకునేదానికి ఒక గది, మెత్తటి కుర్చీలు, కిటికీకి పరదా, అన్నీ ఇచ్చినారంట. "గది ఉండాది, నేనుండా, వచ్చేవాళ్ళే తక్కువ అత్తా. బాగలేని పిల్ల తనంతట తాను రాదు, పక్కనుండేవాళ్ళు కనిపెట్టి పిల్చుకోని రావాల. నువ్వొచ్చి హాస్టలు పిల్లలకు ఒక మాట చెప్పు, ఎట్ల కనిపెట్టాలో" అనింది. ఏమే, నేను బాటనీ చెప్పినదాన్ని, ఆకు చూసి చెట్టు పేరు చెప్తా గానీ మనుషుల సంగతి నాకేం తెలుసు అన్నా. "అది కాదత్తా, మా నాయన చెప్పినాడు, చదువుకునేటప్పుడు నీకే..." అని సగంలో నాలిక కరుచుకునింది. మర్యాద తెలిసిన పిల్ల. నాకు నవ్వొచ్చింది. మా కంబదూరులో ఇప్పటికీ, ఓబులమ్మకు, అదే నాకు, వయసులో మతి చెడి మళ్ళీ బాగైందని చెప్పుకునే ముసలోళ్ళు ఉండారు. మా తమ్ముడు కూడా అదే నమ్ముతాండాడు. నమ్మనీ. ఆ పేరు మీద నాకు సిగ్గు లేదు సరికదా, గర్వం. ముసల్ది గొప్పలు చెప్పుకుంటాండాది అనుకున్నా ఫరవాలేదు, నా బతుకులో చెప్పుకోవాల్సిన గొప్ప ఏదన్నా ఉంటే అది ఇదే.

అది చెప్పాలంటే ముందు మా జేజిని చెప్పాల. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమెకు శనివారం ఒక్కపొద్దు. ఆ దినం మా ఇంట్లో ఎవురికీ శాంతి ఉండేది కాదు. తెల్లారకముందే తలకు పోసుకోని, తడి జుట్టుకు గుడ్డ చుట్టుకోని, వాకిట్లో కసువూడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, స్వామి పటం ముందర సాంబ్రాణి వేసేది. ఆ పొగ దూలాల్లోకి ఎక్కి సాయంత్రం దాకా దిగేది కాదు. అంతవరకూ దేవుని సంగతి. ఆమీద అంతా తిండి సంగతే. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి వంటింటి గడప మీద కూర్చోని మా అమ్మ మీద పెత్తనం మొదలుపెట్టేది. అలసందలు నానినాయా లేదా, వడలకు మరీ మెత్తగా రుబ్బితే నూనె తాగుతాయి, పాయసంలోకి బెల్లం ఇంగ రవ్వంత వెయ్, నీ పుట్టింటి సొమ్మేం పోదులే. పొయ్యి మీద పప్పు ఉడికే వాసన వస్తే కండ్లు మూసుకోని ఉప్పు ఎంతేసినారో చెప్పేది. మా నాయన ఎగతాళి చేసేవాడు. "అమ్మా, నువ్వు ఒక్కపొద్దు ఉండేది స్వామి కోసరమా, వడల కోసరమా?" "రెండిటికీరా, నీకేం నొప్పి?" అనేది జేజి. పొద్దు మునిగి దీపం పెట్టినాక ఆకు ముందర కూర్చుంటే, చూడాలప్పా ఆ తినడం! పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం, తలా ఒక ముద్ద దొరుకుతాదని. ఆమె త్రేపు వీధి చివర ఇంటికి వినిపించేది. వాన పడక శెనక్కాయ చెట్లు చేన్లోనే మాడిపోయిన ఏండ్లలో వడలూ లేవు, పాయసమూ లేదు, వట్టి సంగటి, ఊరిబిండి పచ్చడి. అయినా ఆ సంగటి ముద్దనే పెండ్లి భోజనం మాదిరి తినేది. ఒక్కపొద్దు అంటే ఆకలిని పొద్దంతా కాచుకోని, సాయంత్రం దాన్ని గౌరవంగా పిలిచి కూర్చోబెట్టడమని నేను ఆమెను చూసి నేర్చుకున్నా. అప్పుడు అది పనికొచ్చే చదువని నాకు తెలీదు.

యూనివర్సిటీ హాస్టల్లో నాతో గది పంచుకున్న పిల్ల వసుంధర. కదిరి పక్క పల్లె. వాళ్ళ నాయనకు పొలమూ ఉన్నింది, రాజకీయమూ ఉన్నింది, జీపు దిగితే వెనకాల పదిమంది దిగేవాళ్ళు. అంత ఇంటి పిల్ల అయినా రవ్వంత కూడా బడాయి లేదు. మొదటి దినమే ట్రంకు పెట్టె తెరిస్తే బట్టల కంటే పొడుల డబ్బాలే ఎక్కువ. శెనక్కాయల పొడి, ఎల్లిపాయ కారం, నెయ్యి సీసా. మా గది తలుపు తీస్తే వరండా అంతా ఘుమఘుమ. మెస్సులో సంగటి పెట్టిన దినం ముద్ద నడుమ గుంత చేసి, నెయ్యి పోసి, "ఓబులూ, చెయ్యి పెట్టవే, చల్లారిపోతాది" అని నా చెయ్యి పట్టి లాగేది. ఆమె నవ్వితే మెస్సులో వంటమనిషి గరిట పట్టుకోని బయటికొచ్చి చూసేవాడు. చదువులో కూడా అంతే, నేను మూడుసార్లు చదివినది ఆమె ఒక్క చూపుతో చెప్పేసేది. కుళ్ళు పుట్టాల్సింది, పుట్టలేదు, అంత మంచి పిల్ల.

రెండో ఏడు సెలవులయి వచ్చినాక ఒక శనివారం మెస్సుకు రాలేదు. ఒక్కపొద్దు అనింది. మంచిదే అనుకున్నా, నాకు మా జేజి గుర్తొచ్చి ముచ్చటేసింది కూడా. కొన్నాళ్ళకు సోమవారం కూడా అనింది. తర్వాత గురువారం. పొడుల డబ్బాలు మూతలు తియ్యకుండా అట్లే ఉండిపోయినాయి. చెంపలు లోపలికి పోయినాయి. మరి హాస్టలంతా ఏం చేసిందనుకుంటాండారు? దండం పెట్టింది! వార్డెనమ్మ మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఆ పిల్లను చూసి నేర్చుకోండి, అంత కలిగిన ఇంట్లో పుట్టి ఎంత నిష్ఠో" అనింది. పరీక్షలప్పుడు జూనియర్లు వచ్చి కాళ్ళకు మొక్కినారు. వాన రాలేదు, మా కోసరం కూడా స్వామికి చెప్పుకో అక్కా అన్నోళ్ళూ ఉండారు. వేరే ఊర్లలో తిండి వద్దనే పిల్లను చూస్తే ఏమైందని అడుగుతారేమో. మాది కరువు సీమ. ఇంట్లో అమ్మలు, అవ్వలు తినకుండా మాకు పెట్టి పెంచినోళ్ళు. తినకుండా ఉండగలిగే మనిషిని చూస్తే మాకు ప్రశ్న రాదు, గౌరవం వస్తాది. అంత తెలివైన పిల్లలం అన్ని వందల మందిమి ఉండి, పుస్తకాలు నమిలి మింగినోళ్ళం, మా కండ్ల ముందర ఒక పిల్ల ఎండిపోతాంటే చేతులు జోడించినాం.

ఒక శనివారం సాయంత్రం మెస్సులో చిత్రాన్నం చేసినారు. ఒక్కపొద్దు విడిచేదానికి బాగుంటాదని గిన్నెలో పెట్టుకోని, అరటిపండ్లు తీసుకోని గదికి పోయినా. గోడవైపు తిరిగి పడుకోనుండాది. "లెయ్యే, పొద్దు మునిగింది. దీపం పెట్టి తిందువు లే" అన్నా. కదల్లేదు. అట్లే గోడకేసి అడిగింది, "ఈ పొద్దు ఏ వారమే?"

ఎగతాళి చేస్తాందేమో అని వంగి మొగం చూసినా. ఎగతాళి కాదు. నిజంగానే తెలీదు. శనివారం అన్నా. "అట్లనా" అని కండ్లు మూసుకునింది. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషికి శనివారమని తెలీకుండా ఉంటాదా? మా జేజి శుక్రవారం నుంచే శనివారం రాత్రి వడల లెక్క వేసే మనిషి. అప్పుడు గదిలో చుట్టూ చూసినా. దీపం కుందిలో నూనె ఎండి దుమ్ము పట్టింది. తలకు పోసుకోని ఎన్నాళ్ళయిందో, జుట్టు అట్టగట్టింది. నీళ్ళలో నానేసిన బట్టలు బకెట్లో అట్లే వాసనొస్తాండాయి. పుస్తకం తెరిచిన పేజీలోనే ఉండాది, ఆ పేజీ నేను అంతకుముందు కూడా చూసినదే. ఇవన్నీ నా ముందర ఉన్నవే, ఒక్కపొద్దు అనే మాట వాటిమీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ లాగేసినది మాత్రం నేనే. ఆ హాస్టల్లో ఇంకెవురూ కాదు, నేనే!

గిన్నె కింద పెట్టి మంచం మీద కూర్చున్నా. "వసూ, నీది ఒక్కపొద్దు కాదు" అన్నా. "నీకు చావాలని ఉండాదా?" అని అడిగేసినా. మాది అట్లాంటి నోరే, చుట్టూ తిప్పి అడగడం మా ఇంటావంటా లేదు. ఇప్పుడు హరిత చెప్తాండాది, అట్ల సూటిగా అడగడమే మంచిదంట, అడిగితే లేని ఆలోచన పుడతాదనేది ఉత్త భయమంట. నాకు ఆ పొద్దు అవన్నీ తెలీవు. భయమేసింది, అడిగినా.

"చావాలనేం లేదు ఓబులూ" అనింది, గోడతో మాట్లాడినట్ల. "పొద్దున మెలకువ వస్తాది చూడు, అది రాకుంటే బాగుండు అనిపిస్తాది."

"యాలనే? ఎవురన్నా ఏమన్నా అన్నారా? ఇంట్లో ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. అదే కదా నా కర్మ. ఏమన్నా అయ్యుంటే నీకు చెప్పుకోని ఏడుద్దును. తినబుద్ధి కాలేదు, అంతే. ఏమే తినవు, ఏమే తినవు అని మీరంతా అడుగుతాంటే జవాబు లేక ఒక్కపొద్దు అన్నా. అప్పట్నుంచీ ఎవురూ అడగలేదు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చినా. ఏడ్చి మొగం కడుక్కోని, వసును కూడా పిల్చుకోని వార్డెనమ్మ దగ్గరికి పోయినా. మంచిదే పాపం, కంగారు పడి, వాళ్ళ నాయనకు ఫోను చేస్తాననింది. ఆ మాట విని వసు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునిందంటే గాజు పగిలింది. నాయనకు తెలిస్తే దెయ్యం సోకిందంటారు, గుడిలో నిద్రలు చేయిస్తారు, చదువు మాన్పించి ఎవునికో ఒకనికి కట్టబెడతారు, ఇంగ నేను ఈడికి వచ్చేది ఉండదు అనింది. చదువు పోతే ఆ పిల్లకు ఇంగ ఏమీ మిగలదని నాకు అర్థమైంది. వార్డెనమ్మను బతిమాలి, వసుకు పూచీ నాదని చెప్పి, కొంచెం గడువు తీసుకున్నా. మా యూనివర్సిటీ డిస్పెన్సరీలో ఉన్న డాక్టరమ్మ వసును చూసి, "జ్వరమైతే నేను మాత్రలిద్దును. దీనికి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు ఉండాడు. ఆలస్యం చెయ్యొద్దు, తోడు పో" అనింది. మనసు డాక్టరని ఆమె అనింది గానీ ఊరంతా పిలిచే పేరు పిచ్చి డాక్టరు. కౌన్సెలింగు అనే మాట అప్పుడు మేము వినలేదు.

టౌను బస్సెక్కి పోయినాం. వసు కొంగు తలమీదికి కప్పుకోనుండాది. పెద్దాసుపత్రి వరండాలో ఆ డాక్టరు గది ముందర బెంచీల మీద జనం. మేము నిలబడినామో లేదో వసు నా వెనక నక్కింది. "ఓబులూ, వాడు మా నాయన మనిషి" అనింది. చూస్తే, కాలుకు కట్టు కట్టిన ముసలామెను పట్టుకోని ఎదురు గది దగ్గర ఒకాయన నిలబడుండాడు, తెల్ల చొక్కా, భుజాన కండువా. ఇటే చూస్తాండాడు. వసు వెనక్కి తిరిగి అడుగేసింది. ఆ అడుగు పడనిస్తే ఆ పిల్ల మళ్ళీ ఆ వరండా తొక్కదని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర కాంపౌండరు మమ్మల్ని చూసి అడిగినాడు, "ఎవరమ్మా పేషెంటు?"

"నేనే" అన్నా. ఆ తెల్ల చొక్కాకు వినపడల్ల అని గట్టిగానే అన్నా.

"పేరు?" "ఓబులమ్మ." "యా ఊరు?" "కంబదూరు." ఆయన గొంతు వేలంపాట గొంతు. కాసేపటికి "కంబదూరు ఓబులమ్మా!" అని వరండా అదిరేటట్ల పిలిచినాడు. నేను తల పైకెత్తి ముందు నడిచినా, వసు నాకు తోడొచ్చిన దాని మాదిరి వెనక వచ్చింది. తెల్ల చొక్కాయన వసును చూసి, "ఏం పాపా, స్నేహితురాలికి బాగలేదా?" అని జాలిగా అడిగినాడు కూడా. తలుపు మూసినాక డాక్టరుకు ఉన్నదున్నట్ల చెప్పినాం. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చీటీలో పేరు దిద్దుకున్నాడు, నాకు బయట కుర్చీ చూపించినాడు, వసు మాట వింటా కూర్చున్నాడు. చానాసేపు విన్నాడు. బయటికొచ్చినప్పుడు వసు, "నా మాట మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదే" అనింది. మాత్రలిచ్చినాడు, వారం వారం వచ్చి మాట్లాడమన్నాడు. వారం వారం పోయినాం. పోయినప్పుడల్లా తలుపు దగ్గర పేరడిగితే ముందు నా పేరే చెప్పేదాన్ని. ఒక్కసారిగా ఏమీ బాగు కాలేదు. బాగైన దినాల వెనకాలే బాగలేని దినాలు వచ్చినాయి, మాత్రలు పారేస్తానని మొండికేసిన దినాలూ ఉన్నాయి. ఎన్నో వారాలు పోయినాక ఒక మధ్యాన్నం మెస్సులో సంగటి చల్లగుండాదని వసు వంటమనిషితో కొట్లాడింది. "నీకు నోరొచ్చిందే తల్లీ" అని నేను అన్నం తట్ట వదిలేసి వరండాలోకి పోయి, ఎవురూ చూడకుండా ఏడ్చినా.

కంబదూరు ఓబులమ్మ అనే అరుపు ఊరికే పోతాదా? మా ఊరోళ్ళు ఎవురో విన్నారు. నాకంటే ముందు బస్సెక్కి ఊరికి చేరింది ఆ మాట. కళ్యాణదుర్గం నుంచి నాకు కుదరబోయిన సంబంధం వాళ్ళు మాకొద్దన్నారు. ఒక పొద్దున నాయన హాస్టలుకు వచ్చినాడు, భుజాన జేజి పంపిన వేయించిన శెనక్కాయల మూట. చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం, వసు నా పక్కనే ఉండాది. నాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "డాక్టరు బాగా చూస్తాండాడా?" అన్నాడు. చూస్తాండాడు నాయనా అన్నా. "మాత్రలు తింటాండావా?" అన్నాడు. వసు నోరు తెరవబోయింది, నేను ఆమె కాలు తొక్కినా. తింటాండా నాయనా అన్నా. "అయితే సరి. బాగయ్యేదాకా మానొద్దు. సంబంధం పోయిందని ఏమన్నా మనసులో పెట్టుకుండావా? మంచిదయింది పో, అట్లాంటోళ్ళ ఇంట్లో నీకు జ్వరమొచ్చినా మంచినీళ్ళియ్యరు." అంతే. ఇంగేమీ అడగలేదు. ఊర్లో టీ అంగడి ముందర ఎవురో, ఏమప్పా, నీ కూతురు పిచ్చాసుపత్రికి పోతాందంట కదా అంటే, "పోతాండాది. మీ మాదిరి దాచుకోని చావకుండా, తన కాళ్ళ మీద తాను పోయింది. నా బిడ్డకుండే ధైర్యం ఈడ ఎవునికన్నా ఉండాదా, చెప్పండి" అన్నాడంట. జేజి ఆ సంగతి నాకు చెప్పి, "ఆ పొద్దు నీ నాయన మీసం చూడాల్సిందే" అని మురిసిపోయింది. నిజంగా జబ్బు నాదేనని నమ్మి అన్న మాట అది. లేని జబ్బుకు నాకు దొరికినంత ప్రేమ ఉన్న జబ్బుకు ఎంతమందికి దొరికింది? నిజం చెప్తే వసు సంగతి బయట పడతాది, అందుకని నాయనకు చెప్పలేదు. కన్ను మూసేదాకా ఆయన నేను ఎప్పుడు ఊరికి పోయినా పక్కకు పిలిచి, నిద్ర బాగా పడతాండాదా అని అడిగేవాడు. పడతాండాది నాయనా అనేదాన్ని. ఆయన బిడ్డనని తల్చుకుంటే ఇప్పటికీ నా మెడ నిటారుగా నిలుస్తాది.

వసు ఫస్టు క్లాసులో పాసయింది. పెండ్లి, పిల్లలు, కదిరిలో లెక్చరరు ఉద్యోగం, ఆమీద ప్రిన్సిపాలు. హరిత పిలిచినప్పుడు ముందు ఆమెకే ఫోను చేసి, నీ సంగతి చెప్పుకోవచ్చునా అని అడిగినా. "చెప్పుకో, పేరు మాత్రం వద్దు. మనవరాలికి సంబంధాలు చూస్తాండాము" అనింది. సరే అన్నా. మాట ఇచ్చినా.

పోయిన వారం ఆ మీటింగు జరిగింది. హాలు నిండా ఆడపిల్లలు, ఫ్యాన్లు, మైకు. మా కాలంలో మనసు బాగలేదంటే వార్డెనమ్మకే దారి తెలీదు, ఇప్పుడు గోడల మీద ఫోను నంబర్లు అతికించినారు, హరిత లాంటి పిల్లలు జీతానికి కుదురుకోని ఎదురు చూస్తాండారు. సంతోషమే. అయినా వాళ్ళకు ఒక మాట చెప్పినా. అమ్మా, ఈ జబ్బు ఎప్పుడూ మీరు మెచ్చుకునే పేరు పెట్టుకోని వస్తాది. మా పొద్దు ఒక్కపొద్దు అని వచ్చింది. మీకు డైటింగని వస్తాది, రాత్రంతా చదువుతాందని వస్తాది, ఆ పిల్ల ఎవురి జోలికీ పోదు, చానా బుద్ధిమంతురాలని వస్తాది. మీరు మెచ్చుకునే ముందర ఒక్కసారి దగ్గరికి పోయి చూడండి, ఆ పనిలో ఆ పిల్లకు రవ్వంత సంతోషం ఉండాదా లేదా అని. అంటా మా కథంతా చెప్పినా, స్నేహితురాలని చెప్పినా గానీ పేరు చెప్పలేదు. ముందు వరసలో పిల్ల ఒకతె లేచి అడిగింది, "మేడమ్, ఆమె ఇప్పుడు ఎట్లుండారు?"

నేను జవాబు చెప్పేలోగా హాలు చివర కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే వసు! వస్తానని నాకు చెప్పనే లేదు, ఎప్పుడొచ్చి కూర్చునిందో. నెరిసిన జుట్టు, చేతిలో సంచి, నిలబడుండాది. "బాగుండాను పాపా. ఆమె చెప్పిన పిల్లను నేనే. నా పేరు వసుంధర" అనింది. మైకు లేకుండానే హాలంతా వినపడింది. నేను మైకు కింద పెట్టేసినా, నేను మైకు వదలడమంటే ఊరంతా చెప్పుకోవాల్సిన వింత. పిల్లలంతా వెనక్కి తిరిగి ఆమెనే చూసినారు. సభ అయిపోయినాక అందరూ నా చుట్టూ చేరినారు, ఫోటోలు అన్నారు. వాళ్ళ తలల మీదుగా చూస్తాండా. ఒక సన్నటి పిల్ల, నా దగ్గరికి రాలేదు, హరిత దగ్గరికీ పోలేదు. గోడ పక్కనే నడుచుకుంటా పోయి వసు ముందర నిలబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటా ఏమో అడిగింది. నాకు వినపడలేదు. వసు చెప్పినది మాత్రం వినపడింది. చేతి సంచి భుజాన వేసుకోని, హరిత గది వైపు చూపించి, "పా తల్లీ, ఇప్పుడే పోదాం. నేను ముందు నడుస్తా" అనింది.